ఊళ్లో రొమ్ము క్యాన్సర్ పరీక్షల క్యాంపు పెట్టాలంటే ఏం చెయ్యాలి, ఆ తర్వాత ఏం చెయ్యాలి

"అక్కా, మా ఊళ్లో కూడా క్యాంపు పెడదామనుకుంటున్నాం, ఎక్కడ మొదలెట్టాలి, ఎంతవుద్ది, డాక్టర్ని ఎవరు పంపిస్తారు" అని నెలకి నాలుగు ఫోన్లైనా వస్తాయి నాకు. చెప్పిందే చెప్పి నోరు నొప్పెడుతోంది కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నా. ముందే చెప్తున్నా, నేను డాక్టర్ని కాదు నర్సుని కాదు, డ్వాక్రా గ్రామ సంఘంలో లెక్కలు రాసే మనిషిని, క్యాంపులు పెట్టీ పెట్టీ దెబ్బలు తిని నేర్చుకున్నదే ఇదంతా.

మొదటి క్యాంపు భలే ఘనంగా చేశాం. షామియానా, ఫ్లెక్సీ, వచ్చినోళ్లందరికీ పులిహోర, ఫొటోలు. జనం బాగా వచ్చారు. ముగ్గురికి తేడా ఉంది, పెద్దాసుపత్రికి వెళ్లమన్నారు. నెల తర్వాత కనుక్కుంటే ముగ్గురిలో ఒక్కరూ వెళ్లలేదు. ఒకావిడ నంబరని మేం రాసుకున్నది బెంగళూరులో ఉన్న కొడుకుది, ఇంకొకావిడకి ఎక్కడికి వెళ్లాలో ఎవరూ చెప్పలేదు, మూడో ఆవిడేమో "నొప్పేం లేదు కదమ్మా, పత్తి తీతలయ్యాక చూద్దాంలే" అంది. తప్పు వాళ్లది కాదు, మాదే. అందుకే ఇక్కడ క్యాంపు రోజు గురించి తక్కువ, తర్వాత సంగతి ఎక్కువ ఉంటుంది.

ముందు రెండు ముక్కలు తెలుసుకోండి

ఊళ్లో చేసేది చేత్తో తడిమి చూసే పరీక్ష. "చేత్తో చూస్తే ఏం తెలుస్తుంది, మిషన్ కావాలి గానీ" అని తీసిపారేసేవాళ్లు ఉంటారు. ముంబై బస్తీల్లో టాటా మెమోరియల్ వాళ్లు 1998లో మొదలుపెట్టి లక్షన్నర మంది ఆడవాళ్లతో 20 ఏళ్లు చూశారు, సగం మందికి ట్రైనింగ్ ఇచ్చిన మామూలు ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో పరీక్ష చేశారు. అలా చూసినవాళ్లలో జబ్బు ముందు స్టేజిలో దొరికింది, 50 దాటినవాళ్లలో చావులు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకంటే చిన్న వయసువాళ్లలో మాత్రం చావులు తగ్గినట్టు తేలలేదు, అదీ దాచక్కర్లేదు. మన దగ్గర కూడా హైదరాబాద్‌లోని ఉషాలక్ష్మి ఫౌండేషన్ 2012 నుంచి 2016 దాకా రెండు రాష్ట్రాల పల్లెల్లో ఇదే పద్ధతిలో పెద్ద ఎత్తున చేసింది. అంటే ఇది పనికొచ్చే పనే, సక్రమంగా చేస్తే.

రెండోది, 30 దాటిన ప్రతి ఆడమనిషికీ ఈ పరీక్ష ప్రభుత్వమే ఉచితంగా చెయ్యాలి, 2016 నుంచి ఉన్న జాతీయ కార్యక్రమం ఇది. నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం మూడూ చూడాలి. కాబట్టి మీరు కొత్తగా ఏదో కనిపెట్టక్కర్లేదు, ఉన్న ఏఎన్ఎంని ఉన్న జనంతో కలపడమే మీ పని.

ఏమేం కావాలి

ఒక గది, గడియ పడేది, కిటికీ వెలుతురు ఉన్నది. అంగన్‌వాడీ సెంటరో స్కూలో చాలు. పడుకోబెట్టడానికి బల్ల, దాని మీద దుప్పటి. కిటికీకి కట్టడానికి ముదురు రంగు పాత నూలు చీరలు, పల్చటి సింథటిక్ చీర కడితే వెలుతురికి ఎదురుగా నీడలు కనిపిస్తాయి, ఒకసారి కట్టి బయట నుంచి చూసుకోండి. సబ్బు, నీళ్లు, శానిటైజర్. రెండు వందల పేజీల రిజిస్టర్. చీటీలు. పరీక్ష చేసే మనిషి, ఆడమనిషే అయ్యుండాలి, ఏఎన్ఎం గానీ స్టాఫ్ నర్సు గానీ లేడీ డాక్టర్ గానీ. ఒక్కొక్కరికీ ఏడెనిమిది నిమిషాలు పడుతుంది, అంటే ఒక మనిషి రోజుకి 30 మందిని నిదానంగా చూడగలదు. రెండు వందల మందిని పిలిచి ఒక నర్సుని కూర్చోబెడితే ఆవిడ చీర మీద నుంచే చెయ్యి ఆనించి పంపించేస్తుంది, అది పరీక్ష కాదు.

షామియానా, మైకు, శాలువాలు అక్కర్లేదు.

1. ముందు ఆసుపత్రి మాట్లాడుకోండి, తర్వాతే తేదీ

అందరూ ఇది తలకిందులుగా చేస్తారు. తేడా ఉన్న మనిషిని ఏ ఆసుపత్రికి, ఏ రోజు, ఏ గదికి పంపాలో తెలియకుండా క్యాంపు పెట్టొద్దు. భయం పెట్టి గాలికొదిలేసినట్టే అవుతుంది. జిల్లా ఆసుపత్రిలో సర్జరీ ఓపీ ఏ రోజుల్లో, అల్ట్రాసౌండ్ ఏ రోజుల్లో, మామోగ్రాం (రొమ్ముకి తీసే ఎక్స్‌రే) మిషన్ పనిచేస్తోందా లేదా, ఇవన్నీ ఒకసారి స్వయంగా వెళ్లి చూసి రండి, ఫోన్లో "పనిచేస్తుందమ్మా" అంటారు, వెళ్తే కవర్ కప్పి ఉంటుంది. పెద్ద క్యాన్సర్ సెంటర్లంటే హైదరాబాద్ రెడ్ హిల్స్‌లో ఎంఎన్‌జే, విశాఖ దగ్గర అగనంపూడిలో హోమీ భాభా, గుంటూరు జీజీహెచ్‌లో నాట్కో సెంటర్, తిరుపతిలో స్విమ్స్, వీటిలో మీకు దగ్గరిది చూసుకోండి.

2. పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్‌కి లెటర్ ఇవ్వండి

గ్రామ సంఘం లెటర్‌హెడ్ మీద రాసి ఇవ్వండి, ఒక కాపీ మీద సంతకం చేయించుకోండి. వాళ్లకీ స్క్రీనింగ్ లెక్కలు ఆన్‌లైన్‌లో ఎక్కించే టార్గెట్లుంటాయి కాబట్టి సాధారణంగా కాదనరు. ఆశా వర్కర్లు ఇంటింటికీ తిరిగి నింపే సీబ్యాక్ ఫారం (ఎవరికి ఏ జబ్బు ముప్పుందో అడిగి రాసే కాగితం) ముందే నింపమనండి, క్యాంపు రోజు సగం పని తగ్గుతుంది.

ప్రైవేటు ఆసుపత్రివాళ్లు "వ్యాను, డాక్టర్లు అన్నీ మేమే తెస్తాం" అని వస్తే వద్దనక్కర్లేదు, కానీ ఒక్క ప్రశ్న అడగండి: తేడా ఉంటే తర్వాత స్కానింగ్‌కీ బయాప్సీకీ (సూదితో ముక్క తీసి చేసే టెస్టు) డబ్బులెవరివి? కాగితం మీద రాసివ్వమనండి. మా దగ్గర ఒకసారి ఉచితం అని తీసుకెళ్లి అక్కడ టెస్టులకే బిల్లు చేతిలో పెట్టారు, ఆవిడ మంగళసూత్రం గొలుసు తాకట్టు పెట్టింది. ఆ తర్వాత నుంచి నోటి మాట నేను నమ్మను.

ఇంకోటి, చాలామందికి తెలియదు. "మా బావమరిది దగ్గర చిన్న అల్ట్రాసౌండ్ మిషన్ ఉంది, కార్లో తెస్తాడు" అంటారు. వద్దు. లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద ఆ మిషన్ రిజిస్టర్ అయిన చోటే వాడాలి, ఊళ్లో టెంటు కింద పెడితే మిషన్ సీజ్ చేస్తారు, కేసవుద్ది.

3. తేదీ, పిలుపు

నాట్లప్పుడు, కలుపులప్పుడు, పత్తి తీతలప్పుడు పెట్టకండి. శుక్రవారం వద్దు, శ్రావణ మాసం అసలు వద్దు. ఉపాధి పనులు నడిచే రోజుల్లో అయితే 11 తర్వాత పెడితే నేరుగా వస్తారు. సంఘం మీటింగు రోజు బెస్టు, ఎలాగూ వాయిదా కట్టడానికి వస్తారు కదా.

మైకులో "క్యాన్సర్ క్యాంపు" అని అరిస్తే ఎవరూ రారు, వచ్చినవాళ్లని "దానికేదో ఉందంట" అంటారు. మేం "30 దాటిన ఆడవాళ్లకి ఆరోగ్య పరీక్ష" అని పిలుస్తాం, బీపీ షుగర్ కూడా చూస్తాం. కానీ గదిలోకి వెళ్లే ముందు ఏం చూస్తారో ఎందుకు చూస్తారో ఒక్కొక్కరికీ స్పష్టంగా చెప్పి సరే అన్నాకే చూడాలి, దాచి చెయ్యకూడదు. ఇష్టం లేదంటే బీపీ చూసి పంపించండి.

అత్తగార్లని ముందు తీసుకురండి. అత్త వస్తే కోడలొస్తుంది, కోడలు ఒక్కతే రావాలంటే పది కారణాలు చెప్పుకోవాలి.

4. పరీక్షకి ముందు అరగంట, పిండి ముద్ద క్లాసు

సిలికాన్ బొమ్మలు దొరికితే మంచిదే, దొరక్కపోతే మా పద్ధతి చెప్తా. చపాతీ పిండి కాస్త మెత్తగా కలిపి అరచేతికి పట్టేంత ముద్ద చెయ్యండి, లోపల ఒకచోట శనగ గింజ, ఇంకోచోట కంది గింజ, అడుక్కి ఒక పెసర గింజ దాచండి, పైన పల్చటి తడిగుడ్డ కప్పండి. ఇప్పుడు వెతకమనండి. మొదట అందరూ వేళ్ల కొసల్తో గుచ్చుతారు, పిండి అటూ ఇటూ జారిపోతుంది, ఏమీ దొరకదు. మధ్య మూడు వేళ్లు కలిపి మెత్తటి భాగంతో చిన్న చిన్న సున్నాలు చుడుతూ, ముందు పైపైన, తర్వాత కొంచెం నొక్కి, తర్వాత ఎముక తగిలేదాకా నొక్కి చూడాలి. అప్పుడు పెసర గింజ దొరుకుతుంది, దొరికినప్పుడు వాళ్ల మొహాలు చూడాలి మీరు. ఎటు నుంచి ఎటు చూడాలంటే దుక్కి దున్నినట్టు, సాలు పక్కన సాలు, పై నుంచి కిందకి కింద నుంచి పైకి, మధ్యలో గట్టు వదలకుండా, చంక దాకా. చంక మర్చిపోయేవాళ్లే ఎక్కువ.

ఇంట్లో చూసుకోవాలంటే నెలసరి వస్తున్నవాళ్లు మొదలైన రోజు నుంచి వారం, పది రోజుల మధ్య చూసుకోవాలి, నెలసరికి ముందు చూసుకుంటే మామూలుగానే గట్టిగా గడ్డల్లా ఉండి అనవసరంగా భయపడతారు. నెలసరి ఆగిపోయినవాళ్లు ఏదో ఒక తేదీ పెట్టుకోవాలి, మా ఊళ్లో పెద్దవాళ్లు పౌర్ణమి అని పెట్టుకున్నారు. అయితే ఇంట్లో చూసుకోవడం అనేది నర్సు చేసే పరీక్షకి బదులు కాదు, మన ఒళ్లు మనకి అలవాటైతే తేడా త్వరగా పట్టుకుంటాం, అంతవరకే.

తేడా అంటే ఏంటో చెప్పేటప్పుడు ఈ వరుసలో చెప్పండి: గడ్డ, రొమ్ములో గానీ చంకలో గానీ. చర్మం లోపలికి లాగినట్టు సొట్ట, లేదా నారింజ తొక్కలా గుంటలు గుంటలుగా. చనుమొన కొత్తగా లోపలికి తిరగడం, దాని మీద మానని పుండు. దానంతటదే కారే నెత్తురు లాంటి నీరు. రెండిట్లో ఒకటి కొత్తగా సైజు మారడం. వీటిలో నొప్పి లేదు చూశారా? క్యాన్సర్ గడ్డ ఎక్కువగా నొప్పి పెట్టదు. "నొప్పి లేదు కాబట్టి ఏం కాదు" అనేదే మన ఊళ్లల్లో అందరికంటే పెద్ద శత్రువు. పాలిచ్చే తల్లులైతే "పాలు గడ్డకట్టాయి" అనుకుని నెలలు గడిపేస్తారు, రెండు వారాల్లో తగ్గకపోతే చూపించాల్సిందే. అలాగని ప్రతి గడ్డా క్యాన్సర్ కాదు, ఎక్కువ శాతం మామూలు గడ్డలే, అదీ గట్టిగా చెప్పండి.

30 లోపు పిల్లలకి ఈ వరుస పరీక్ష అక్కర్లేదు గానీ గడ్డ తగిలిందని ఎవరొచ్చినా, పెళ్లికాని పిల్లైనా, చూడాలి. మగవాళ్లకీ వస్తుంది, అరుదు. మా ఊళ్లో ఒక పెద్దాయన క్యాంపు అయిపోయాక సందులో నిలబడి అడిగాడు పాపం.

5. గదిలో సరిగ్గా చూస్తున్నారో లేదో ఎలా తెలుస్తుంది

మీరు గదిలో ఉండకూడదు, బయటికొచ్చిన మొదటి ఇద్దరు ముగ్గుర్ని నెమ్మదిగా అడగండి. కూర్చోబెట్టి చేతులు కిందకి, తల మీదకి, నడుం మీద పెట్టించి చూశారా? పడుకోబెట్టి చెయ్యి తల కింద పెట్టించి తడిమారా? చంక, మెడ కింద ఎముక దగ్గర చూశారా? "లేదక్కా, రెండు సెకన్లలో అయిపోయింది" అంటే టీ తాగే టైములో ఆ నర్సమ్మతో ఒంటరిగా మర్యాదగా మాట్లాడండి, జనం ముందు కాదు.

6. చీటీ, మాట

చీటీలన్నీ ఒకే రంగు. రెండో క్యాంపులో తెలివి ఉపయోగించి తేడా ఉన్నవాళ్లకి గులాబీ, లేనివాళ్లకి తెల్లవి ఇచ్చాం, పది నిమిషాల్లో లైన్లో అందరికీ అర్థమైపోయింది, గులాబీ చీటీ పట్టుకుని ఒకమ్మాయి ఏడుస్తూ ఇంటికి పోయింది. ఆ అయిడియా నాదే, ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. ఒకే రంగు, నాలుగు మడతలు.

తేడా ఉన్నవాళ్లతో క్యాన్సర్ అనే మాట అనొద్దు, "ఏం కాదులే" అని కూడా అనొద్దు, ఈ రెండోదే ఎక్కువ ప్రమాదం. "ఇక్కడ చిన్న తేడా తగిలింది, అదేంటో స్కానింగ్‌లో తెలుస్తుంది, మంగళవారం నేనూ వస్తా, కలిసి వెళ్దాం" అని తేదీతో సహా చెప్పండి. ఏమీ లేనివాళ్లకి కూడా చీటీలో "ఇవాళ చేత్తో చూస్తే తేడా తగల్లేదు, కొత్తగా ఏదైనా కనిపిస్తే ఆగకుండా రావాలి" అని రాయండి. లేకపోతే "క్యాంపులో బాగుందన్నారు" అని వచ్చిన గడ్డని కూడా వదిలేస్తారు.

7. రిజిస్టర్

పేరు, వయసు, ఇంటి గుర్తు (డోర్ నంబర్ కాదు, "రామాలయం వెనక, రేకుల ఇల్లు" అని), రెండు ఫోన్లు, అందులో ఒకటి రోజూ ఇంట్లో ఉండే మనిషిది. ఏం తేడా, ఏ వైపు. తర్వాత ఖాళీగా నాలుగు గళ్లు: ఆసుపత్రికి వెళ్లిన తేదీ, స్కాన్ తేదీ, బయాప్సీ తేదీ, రిజల్ట్. ఆ పుస్తకం ఒక్కరి దగ్గరే ఉండాలి, బీరువాలో. ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టినవాళ్లని నేను చూశా, దయచేసి ఆ పని చెయ్యకండి.

8. ఆసుపత్రిలో

ఆధార్, రేషన్ కార్డు ఒరిజినల్‌, నాలుగు జిరాక్సులు, చీటీ. తోడు ఒక ఆడమనిషి. బస్సుకి ఆధార్ చూపిస్తే చాలు, తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి, ఆంధ్రాలో 2025 ఆగస్టు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్లకి టికెట్ లేదు.

మామోగ్రాం ఉన్న రోజు పౌడర్, స్ప్రే రాసుకోవద్దు, ఫిల్ములో తెల్ల చుక్కల్లా పడి తికమక పెడతాయి. రెండు పలకల మధ్య నొక్కుతారు, కొన్ని సెకన్లు నొప్పిగానే ఉంటుంది, ముందే చెప్పండి. చిన్న వయసువాళ్లకి ముందు అల్ట్రాసౌండే చేస్తారు, అది తక్కువ రకం పరీక్షేం కాదు. ఒంటి వేడిని ఫొటో తీసే మిషన్లు కొన్ని క్యాంపుల్లో తిప్పుతున్నారు, అందులో పచ్చ లైటు వచ్చిందని మామోగ్రాం మానుకోవద్దు.

రిపోర్టులో బైరాడ్స్ అని ఒక నంబరుంటుంది. 1, 2 అంటే పర్లేదు. 3 అంటే ఆరు నెలల్లో మళ్లీ చూడాలి, రిజిస్టర్లో ఆ తేదీ వేసుకోండి. 4, 5 అంటే బయాప్సీ. 0 చూసి "సున్నా అంటే ఏమీ లేదు" అనుకుని ఇంటికొచ్చేస్తారు, కాదు, 0 అంటే సరిగ్గా తేలలేదు ఇంకో పరీక్ష చెయ్యాలి అని.

"సూది గుచ్చితే జబ్బు పాకుతుంది" అని ఎవరో ఒకరు అంటారు, పాకదు. అసలు ప్రమాదం వేరే ఉంది: బయాప్సీ చెయ్యకుండానే టౌన్లో చిన్న ఆసుపత్రిలో గడ్డ కోసి పారేయడం. అది క్యాన్సర్ అయితే మొత్తం ట్రీట్‌మెంట్ ప్లానే గందరగోళమవుతుంది. ముందు సూదితో ముక్క తీసి టెస్టు, తర్వాతే ఆపరేషన్. పసరు కట్లు కట్టేవాళ్ల దగ్గరికి వెళ్లి మూడు నెలలు పోగొట్టుకోవడం గురించి వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

క్యాన్సర్ అని తేలితే ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర డెస్కుకి (ప్రభుత్వ ఉచిత వైద్య పథకం పనులు చూసే చోటు) వెళ్లండి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రాలో ఎన్టీఆర్ వైద్యసేవ, ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ ఉంటాయి. బయాప్సీ రిపోర్టు లేకుండా అప్రూవల్ కదలదు. డౌట్ ఉంటే 104. రైల్లో వెళ్లేవాళ్లయితే ఆసుపత్రిలో కన్సెషన్ ఫారం అడగండి, స్లీపర్, థర్డ్ ఏసీలో పేషెంటుకి పూర్తి ఛార్జీ మాఫీ, తోడు వెళ్లేవాళ్లకి 75 శాతం.

9. ట్రీట్‌మెంట్ నడిచే నెలల్లో

ఇక్కడ డబ్బు కంటే మనుషులు కావాలి. వంట ఎవరు, గేదెలెవరు చూస్తారు, పిల్లల్ని బడికెవరు పంపిస్తారు, ఇవి రాసుకుని సంఘంలో పంచుకోండి.

ఇంట్లో థర్మామీటర్ కొనిపెట్టండి. కీమో తర్వాత 100.4 జ్వరం దాటితే డోలో వేసి పడుకోబెట్టొద్దు, ఆర్ఎంపీ దగ్గర సెలైన్ ఎక్కించొద్దు, అర్ధరాత్రైనా ఆసుపత్రికే. ఆ రోజుల్లో తెల్లరక్తకణాలు పడిపోయి ఉంటాయి, గంటల్లో పరిస్థితి చెయ్యిదాటిపోతుంది.

చంకలో గ్రంథులు తీసినవాళ్లకి ఆ చేతికి బీపీ చూడనివ్వద్దు, ఇంజెక్షన్ చెయ్యనివ్వద్దు, బిగుతు గాజులు తీసెయ్యాలి. డాక్టర్ చెప్పాక గోడ మీద వేళ్లు పాకించే ఎక్సర్‌సైజు రోజూ చేయించండి, గోడ మీద పెన్సిల్ గీత పెడితే రోజూ ఎంత పైకెళ్తున్నారో వాళ్లకే కనిపిస్తుంది. రొమ్ము తీసేసినవాళ్లు పైట సర్దుకోలేక పెళ్లిళ్లకి రావడం మానేస్తారు, పుండు పూర్తిగా మానాక మెత్తటి నూలు గుడ్డలో దూది, బరువుకి కాసిని సజ్జలు పెట్టి కుట్టి జాకెట్టు లోపల జేబులో పెట్టుకోవచ్చు, మా ఊళ్లో టైలరమ్మ కుట్టిస్తుంది, డబ్బులు తీసుకోదు.

కంచం వేరు, గ్లాసు వేరు పెట్టే ఇళ్లున్నాయి ఇంకా. అంటుకునే జబ్బు కాదని వంద సార్లు చెప్పేకంటే మీరు వెళ్లి ఆవిడ చేత్తో కలిపిన టీ తాగండి, కోడలు చూస్తుండగా.

కొందరికి ఆపరేషన్ అయ్యాక రోజుకొక మాత్ర అయిదేళ్లు, ఇంకా ఎక్కువే వాడమంటారు. ఏడాదికి "తగ్గిపోయిందిగా" అని ఆపేస్తారు. సంఘం మీటింగుకి వచ్చినప్పుడు వాయిదాతో పాటు ఆ మాత్రల షీటు కూడా చూపించమంటాం మేం, నవ్వుతూనే.

క్యాంపు బాగా జరిగిందో లేదో చూసుకోవడం

ఎంతమంది వచ్చారన్నది లెక్క కాదు. మూడు చూడండి. తేడా ఉందన్నవాళ్లలో ఎంతమంది నిజంగా ఆసుపత్రికి వెళ్లారు? గడ్డ తగిలిన రోజు నుంచి బయాప్సీ రిజల్ట్ దాకా ఎన్ని రోజులు? డబ్ల్యూహెచ్‌ఓ 60 రోజులు దాటకూడదంటుంది, మా మొదటి క్యాంపులో ఒకావిడకి దానికి మూడింతలు పట్టింది. మొదలుపెట్టిన ట్రీట్‌మెంట్ ఎంతమంది పూర్తి చేశారు?

అమెరికా నుంచి, గల్ఫ్ నుంచి పిల్లలు ఫోన్ చేసి "అక్కా, మామోగ్రాం వ్యాను స్పాన్సర్ చేస్తాం" అంటుంటారు. మంచి మనసు, కాదన్ను. కానీ ఆ వ్యాను ఒక్క రోజు ఖర్చుతో తేడా ఉన్నవాళ్లకి ఆటోలు, భోజనాలు, తోడు వెళ్లే మనిషి పోగొట్టుకునే కూలీ ఏడాదంతా వెళ్లిపోతుంది, ఫొటోకి బాగుండదు అంతే. మా చివరి క్యాంపుకి జిరాక్సులు, శానిటైజర్, టీలు తప్ప ఖర్చే లేదు.

ఆ క్యాంపు రిజిస్టర్లో ఇంకా ఒక్క వరుసలో బయాప్సీ గడి ఖాళీగా ఉంది. ఆవిడ మేకల్ని వదిలి రానంటోంది, వాటిని చూడ్డానికి పక్కింటి కుర్రాడు ఒప్పుకున్నాడు నిన్న. మంగళవారం పొద్దున్నే మొదటి బస్సుకి ఇద్దరం వెళ్తున్నాం, ఆ రోజు ఫోన్ చెయ్యకండి, ఎత్తను.